ఆ కణాలు శత్రువులు కావు

ప్రశ్న: మా అమ్మకి 58 ఏళ్లు. కుడి మడమ కింద నల్లమచ్చ వచ్చి ఏడాది దాటింది. ఆనెకాయ అనుకుని మందుల షాపులో పట్టీ కొని వేశాం, జీడి కూడా పెట్టించాం. నెత్తురు కారుతుంటే విశాఖ తీసుకెళ్లాం. ముక్క తీసి మెలనోమా అన్నారు. రిపోర్టులో ‘ట్యూమర్ ఇన్‌ఫిల్ట్రేటింగ్ లింఫోసైట్స్ - బ్రిస్క్’ అని ఉంది. క్యాన్సర్ రక్తంలోకి చొరబడిపోయిందని మా బావ అంటున్నాడు. అమ్మ అడ్డపొగ తాగుతుంది, దానివల్లేనా?
- ఒక పాఠకుడు, చీపురుపల్లి

జవాబు: మీ బావగారు భయపడిన ఆ మాటే రిపోర్టులో కాస్త ధైర్యమిచ్చే మాట. చొరబడింది క్యాన్సర్ కాదు, అమ్మ ఒంట్లోని తెల్ల రక్తకణాలు. గడ్డని పరాయిదిగా గుర్తుపట్టి దాని మీదికి వెళ్లాయి. ఊళ్లో దొంగ పడితే జనమంతా కర్రలు పట్టుకుని ఇంటిని చుట్టుముట్టినట్టుంటే ‘బ్రిస్క్’ అని రాస్తారు. అక్కడొక గుంపు, ఇక్కడొక గుంపు ఉంటే ‘నాన్‌బ్రిస్క్’. ఒక్కరూ తలుపు తీయకపోతే ‘ఆబ్సెంట్’. అమెరికా వైద్యుడు వాలెస్ క్లార్క్ బృందం 1989లో ఈ మూడు మెట్లనీ రోగుల ఆయుష్షుతో పోల్చి చూసింది. కణాలు బాగా చేరినవాళ్లు ఎక్కువ కాలం బతికారు.

అయితే ఆ ఒక్క మాట పట్టుకుని నిశ్చింతగా కూర్చోవద్దు. అదే కాగితంలో ‘బ్రెస్లో’ అన్నచోట మిల్లీమీటర్ల లెక్క చూడండి. మచ్చ లోతు అది. 1 లోపు ఉంటే చాలావరకు నయమవుతుంది, 4 దాటితే గట్టి పోరాటమే. పైన పుండు పడిందా, గజ్జల్లో బిళ్ళ కట్టిందా అన్నవీ అంతే ముఖ్యం. ఈ కణాలు ఎన్ని ఉన్నా ఆపరేషన్ తప్పదు.

ఇన్ని కణాలు చేరినా గడ్డ బతకడానికి కారణముంది, అది వాటి కాళ్లకి బంధం వేస్తుంది. ఆ బంధం విప్పే దారి చూపినందుకే 2018లో శాస్త్రవేత్తలు ఆలిసన్, హోంజోలకి నోబెల్ ఇచ్చారు. ఆ దారిలో వచ్చిన మందులు ముదిరిన మెలనోమాలో ఎందరికో ఏళ్ల ఆయుష్షు పోశాయి. అరికాలి రకం మీద మాత్రం వాటి పట్టు కొంత తక్కువ. అమ్మకి అవసరమా కాదా అన్నది గజ్జల బిళ్ళలు పరీక్షించాక డాక్టరుగారే చెప్పాలి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో ఒకసారి చూపించండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా ఎన్టీఆర్ వైద్య సేవలో ఏం వస్తుందో అక్కడి వైద్యమిత్రని ముందే అడగండి. ఆలస్యం మాత్రం వద్దు, ఏడాది ఇప్పటికే పోయింది. మన రంగు వాళ్లకి మెలనోమా తరచూ అరికాల్లోనే వస్తుంది. ఎండకీ ఈ అరికాలి రకానికీ పెద్దగా సంబంధం లేదు. అరికాల్లో వస్తుంది కాబట్టే ఆనెకాయ అనుకుని పొరబడతాం. మీ తప్పని కుమిలిపోకండి.

ఇక అడ్డపొగ సంగతి. మడమ మీది మచ్చకి చుట్ట కారణం కాదు. కానీ నిప్పు లోపలికి పెట్టి తాగే అలవాటు అంగిలిని కాల్చేస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు చూసి పరిశోధకుడు పిండ్‌బోర్గ్ బృందం 1971లోనే ఆ సంగతి రాసింది. అదే ప్రయాణంలో అమ్మ చేత నోరు తెరిపించి, అంగిలి కూడా చూడమని అడగండి.