చెక్కకో తీరు, అల్యూమినియానికో తీరు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల... ఎక్కడ కొత్త ఇల్లు లేచినా ముందు టేకు దర్వాజ, చుట్టూ అల్యూమినియం స్లైడింగ్ కిటికీలు. దర్వాజకు పాలిష్, కిటికీలకు పౌడర్ కోటింగ్. గృహప్రవేశం నాడు రెండూ మెరుస్తాయి. కొన్నేళ్లు గడిచేసరికి దర్వాజ కింది భాగం నల్లబడుతుంది. కిటికీ రెక్క జరపాలంటే రెండు చేతులూ చాలవు. అద్దం మీది తెల్లచుక్కలు ఎంత తుడిచినా పోవు. ఇంటాయన మేస్త్రీని తిడతాడు, మేస్త్రీ సామాను అమ్మిన షాపును తిడతాడు. చాలా ఇళ్లల్లో తప్పు ఇద్దరిదీ కాదు, కడిగిన తీరుది.

వడ్రంగులు, అల్యూమినియం ఫిట్టర్లు, పెయింటర్లు, ఆసుపత్రుల్లోనూ కాలేజీల్లోనూ హౌస్‌కీపింగ్ చేసేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. మన దగ్గర కిటికీలనూ తలుపులనూ దుమ్ము కంటే కడిగే నీళ్లు, కడిగే మందులు ఎక్కువగా పాడు చేస్తున్నాయి. ఈ సంగతి తెలిసి పని చేసేవాళ్లకు కొత్త ఇళ్ల పనులు తగ్గిన నెలల్లో కూడా చేతిలో పని ఉంటుంది.

బోరు నీళ్లతో జాగ్రత్త

నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అద్దం మీది తెల్లమరకకూ అదే కారణమని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ మరక నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలది. బోరు నీళ్లు చల్లి వదిలేస్తే నీళ్లు ఆవిరైపోతాయి, లవణం అక్కడే అంటుకుంటుంది. ఎండ ఎంత గట్టిగా ఉంటే మరక అంత గట్టిగా పడుతుంది. మళ్లీ వారం అదే నీళ్లు చల్లితే దాని మీద ఇంకో పొర.

అందుకే మొదటి నియమం: కడిగిన నీళ్లను ఎండకు ఆరనివ్వకండి, చేత్తో ఆరబెట్టండి. పైపు పెట్టి కొట్టే పని వద్దు. ఒక బకెట్‌లో సబ్బునీళ్లు, ఇంకో బకెట్‌లో మంచినీళ్లు, రబ్బరు వైపర్ ఒకటి, పొడి గుడ్డలు నాలుగైదు ఉంటే చాలు. తుడుపు పూర్తయ్యాక చివరిసారి అద్దం మీద బోరు నీళ్లు పోయకండి. మిషన్ భగీరథ నల్లా నీళ్లు గానీ, ఆర్వో నీళ్లు గానీ ఒక చెంబెడు వాడి, వెంటనే వైపర్‌తో పైనుంచి కిందికి లాగేయండి.

పాత మరకలకు తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డతో అద్దానికి మాత్రమే అద్దండి. కొద్ది నిమిషాలాగి మంచినీళ్లతో తుడవండి. ఇక్కడొక మెలిక ఉంది. మన ఇళ్లల్లో కిటికీ కింద చాలాచోట్ల షాబాదు బండో, తాండూరు బండో ఉంటుంది. అవి సున్నపురాయి జాతివి. వెనిగర్ చుక్క పడినా, నిమ్మరసం పడినా మెరుపు పోయి మచ్చ పడుతుంది. బండ మీద ముందే తడిగుడ్డ పరిచి పని మొదలుపెట్టండి. గ్రానైట్ అయితే ఇంత భయం లేదు.

అల్యూమినియానికి పడనివి

అల్యూమినియం తుప్పు పట్టదని చెప్పి అమ్ముతారు. ఇనుములా ఎర్రతుప్పు పట్టదు, నిజమే. గాలి తగలగానే దాని మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి అదే కవచంలా కాపాడుతుంది. గట్టి ఆమ్లం తగిలినా, గట్టి క్షారం తగిలినా ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు లోహం మీద తెల్లపొడి తేలుతుంది, సన్నటి గుంటలు పడతాయి. పడ్డ గుంటను ఏ పాలిషూ పూడ్చలేదు.

క్షారం ఎక్కడినుంచి వస్తుందంటే: సిమెంటు చుక్క, సున్నం, బట్టల సోడా. ప్లాస్టరింగ్ నాడు ఫ్రేమ్ మీద పడిన సిమెంటును తడిగా ఉండగానే తుడిచేయాలి. ఆరాక గోకితే సిమెంటుతో పాటు కోటింగూ లేస్తుంది. పండగకు గోడలకు సున్నం వేసేటప్పుడు కిటికీలకు ప్లాస్టిక్ కవరు కట్టండి. కొత్త ఫ్రేముకు అంటించి వచ్చిన టేపును పని అయిపోగానే పీకేయండి. ఎండాకాలమంతా వదిలేస్తే బంక కాగి అల్యూమినియానికే అతుక్కుపోతుంది.

ఆమ్లం వచ్చేది బాత్రూం నుంచి. టైల్స్‌కు యాసిడ్ పోసి తలుపేసి వస్తే ఆ ఆవిరి చాలు, వెంటిలేటర్ ఫ్రేమ్ మచ్చలు పడటానికి. యాసిడ్ వాడక తప్పకపోతే కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, తర్వాత ఫ్రేమ్‌ను మంచినీళ్లతో తుడవండి. ఇంకో మాట, ఇది కిటికీ గురించి కాదు, ప్రాణం గురించి: యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ కలపకండి. కలిస్తే క్లోరిన్ విషవాయువు లేస్తుంది.

మరి దేంతో కడగాలి? గిన్నెలు తోమే లిక్విడ్ బకెట్ నీళ్లలో కొన్ని చుక్కలు. అంతే. బట్టల పౌడర్, పీతాంబరి లాంటి రాపిడి పొడులు, పచ్చ స్క్రబ్బర్, స్టీలు పీచు, థిన్నర్ దగ్గరికి కూడా రానీయకండి. దర్వాజకున్న ఇత్తడి గొళ్లేన్ని చింతపండుతో తోమితే ఆ రసం పక్కనున్న అల్యూమినియం మీదికీ పాలిష్ చెక్క మీదికీ కారకుండా గుడ్డ అడ్డం పెట్టండి. ఏడాదికోసారి కారుకు పూసే వ్యాక్స్ పౌడర్ కోటింగ్ మీద పల్చగా పట్టిస్తే ఎండకు రంగు వెలవెలబోవడం నెమ్మదిస్తుంది.

రెక్క ఎందుకు బిగుసుకుంటుంది

స్లైడింగ్ కిటికీ జరగకపోతే ఇంట్లోవాళ్లు ట్రాక్‌లో కొబ్బరినూనె పోస్తారు. నాలుగు రోజులు బాగా జరుగుతుంది. తర్వాత చల్క నేలల ఎర్రదుమ్ము ఆ నూనెలో పడి ముద్దవుతుంది, చక్రాలను పట్టేస్తుంది. రైసు మిల్లుల దగ్గరి ఇళ్లల్లో దీనికి పొట్టు తోడవుతుంది.

చేయాల్సిన వరస ఇది. ముందు పొడిగా ఉండగానే పెయింటు బ్రష్‌తో ట్రాక్ ఊడ్చండి, వీలైతే వాక్యూమ్ పెట్టండి. దుమ్ము పోకుండా తడిగుడ్డ పెడితే ఇసుక రవ్వలు కోటింగ్‌ను గీకేస్తాయి. తర్వాత సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి మూలలు తోమండి. తుడిచి ఆరాక సిలికాన్ స్ప్రే కొద్దిగా చక్రాలకు కొట్టండి. అది ఆరిపోతుంది, నూనెలా దుమ్మును పట్టుకోదు. అప్పటికీ రెక్క బరువుగా ఉంటే కింది అంచు పక్కన చిన్న స్క్రూ ఉంటుందేమో చూడండి. దాన్ని తిప్పితే చక్రం ఎత్తు మారుతుంది. చక్రం అరిగితే మార్చడమే దారి. పెద్ద రెక్కను పైకెత్తి బయటికి తీయడానికి ఇద్దరుండాలి, ఒక్కరే దిగొద్దు.

ట్రాక్ బయటి అంచున సన్నటి రంధ్రాలుంటాయి. వాననీళ్లు బయటికి పోయేది వాటినుంచే. అవి మూసుకుపోతే నీళ్లు ఇంట్లోకే వస్తాయి, గోడ ఉబ్బుతుంది. పుల్లతో శుభ్రం చేసి, ట్రాక్‌లో గ్లాసెడు నీళ్లు పోయండి. బయటికి కారితే పని అయినట్టు. వాన కారుతోందని ఆ రంధ్రాలకే సిలికాన్ పూసేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. వాటిని తెరిస్తే చాలు, సగం ఫిర్యాదులు తీరిపోతాయి.

చెక్కకు తడి, అల్యూమినియానికి వేడి

చెక్క తేమకు ఉబ్బుతుంది, అదీ అడ్డంగా. ఆషాఢ శ్రావణాల్లో తలుపు పట్టేస్తే వెంటనే చిత్రిక పట్టేయకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు అదే తలుపు కుంచించుకుపోయి సందు పడుతుంది. మరీ తప్పకపోతే కొంచెమే తీసి, తీసిన అంచుకు అదే రోజు పాలిషో పెయింటో పట్టించండి. తలుపు పై అంచు, కింది అంచు ఎవరికీ కనిపించవు కాబట్టి వాటికి రంగు వేయకుండా వదిలేస్తారు. చెక్క నీళ్లు తాగేది అక్కడే.

కడపకు పసుపు రాయడం మన ఆచారం. దాన్ని మానమని ఎవరూ చెప్పనక్కర్లేదు. చెంబులతో నీళ్లు పోసి కడిగే బదులు తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తితే కడప మూలలు కుళ్లవు. కడప, దర్వాజ నిలువు కమ్మీలు కలిసే చోట సందు పడితే నీళ్లు అక్కడే నిలుస్తాయి. ముందు ఆ సందు మూయండి.

టేకులో టానిన్ ఉంటుంది. ఇనుప మేకు, తడి, టానిన్ కలిస్తే నల్లమచ్చ. అందుకే దర్వాజకు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు గానీ ఇత్తడివి గానీ వాడాలి. అల్యూమినియం ఫ్రేముకైనా స్టెయిన్‌లెస్సే మేలు.

పచ్చి చెక్కకు అవిసె నూనె పట్టించేవాళ్లున్నారు. మంచిదే, కానీ ఆ నూనె గుడ్డల్ని ముద్దచేసి మూలన పడేయకండి. అవి గాలితో చర్య జరిపి వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. మన మే నెల ఎండల్లో ఇది మరీ ప్రమాదం. గుడ్డను విప్పి బయట ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో వేయండి. ఎనామిల్ పెయింటు మీద, పాలిష్ మీద ఈ నూనె పనికిరాదు.

చెదల సంగతి మరవద్దు. గోడ మీద, చౌకట్టు పక్కన సన్నటి మట్టి గీతలు కనిపిస్తే స్క్రూడ్రైవర్ పిడితో చెక్కను తట్టి చూడండి. డొల్ల మోత వస్తే లోపల తినేసినట్టే. గీతలు తుడిచేస్తే చెదలు పోవు, వాటి పుట్ట నేలలో ఉంటుంది. లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలవమని ఇంటివాళ్లకు చెప్పండి.

ఇక అసలు కష్టం చెక్క, అల్యూమినియం రెండూ కలిసే చోట. అల్యూమినియం మీటరు పొడవుకు ఒక్కో డిగ్రీకి సుమారు 0.023 మిల్లీమీటర్లు సాగుతుంది. 2 మీటర్ల ఫ్రేమ్ తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా చూస్తే దాదాపు 2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చెక్క వేడికి పొడవునా అంత సాగదు. అందుకే మధ్య సందులో లప్పమో తెల్లసిమెంటో పెడితే ఏడాది తిరక్కుండా పగులుతుంది. అక్కడ సాగే గుణమున్న సిలికాన్ కావాలి. వెనిగర్ వాసన వచ్చే రకం లోహాన్నీ సిమెంటునూ తింటుంది. డబ్బా మీద న్యూట్రల్ అని రాసి ఉన్నదే తీసుకోండి. రాగి లవణాలున్న చెక్క మందు పట్టించిన ఫ్రేమ్‌కు అల్యూమినియం నేరుగా ఆనించొద్దు, మధ్యలో ప్లాస్టిక్ పట్టీ పెట్టండి.

కొన్ని విల్లాల్లో లోపలివైపు చెక్క, బయటివైపు అల్యూమినియం తొడుగు ఉన్న కిటికీలు వస్తున్నాయి. తొడుగును క్లిప్పుల మీద నిలిపి, చెక్కకు గాలి ఆడే సందు ఉంచుతారు. ఆ సందు లోపం కాదు. దాన్ని సీల్ చేస్తే లోపలి తడి బయటికి పోక చెక్క కుళ్లుతుంది.

ఎప్పుడు చేయాలి

మిరుగు కార్తె రాకముందు, అంటే మే చివరికల్లా, నీళ్లు పోయే రంధ్రాలు, సిలికాన్, రబ్బరు పట్టీలు చూడాలి. వానలు తగ్గాక, దసరాకు ముందు పూర్తి తుడుపు. పాలిష్, పెయింటు పనులు సంక్రాంతి తర్వాత చెక్క పొడిగా ఉన్నప్పుడు. మధ్యలో నెలకోసారి పొడి తుడుపు, అది ఇంటివాళ్లే చేసుకోగలరు. నేర్పి రండి. పని పోతుందని భయపడకండి, నేర్పినవాళ్లనే మళ్లీ పిలుస్తారు.

ఎండాకాలంలో ఉదయం పదిలోపు ముగించండి. కాగిన అద్దం మీద చన్నీళ్లు కొడితే పగలొచ్చు, సబ్బు ఆరి మరక పడటం మాత్రం ఖాయం. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా ఉండాలి. సర్వీస్ వైరు దగ్గర అల్యూమినియం నిచ్చెన వేయొద్దు. పై అంతస్తు కిటికీ బయట సజ్జ మీద బెల్టు లేకుండా నిలబడొద్దు, ఇంటాయన ఎంత తొందరపెట్టినా సరే.

మాట, లెక్క, నమోదు

కూలి రోజు లెక్కన కాకుండా రెక్క లెక్కన మాట్లాడుకోండి. మొదలుపెట్టే ముందు ఉన్న గీతలు, పగుళ్లు ఫోన్‌లో ఫొటో తీసి యజమానికి చూపించండి. ఏ ద్రావణమైనా కనిపించని మూలన రాసి చూశాకే మిగతా చోట వాడండి. ఏ ఇంట్లో ఏ తేదీన ఏం చేశారో నోటు పుస్తకంలో రాయండి. ఆర్నెల్ల తర్వాత మీరే ఫోన్ చేస్తే అది వ్యాపారమవుతుంది. మెడికల్ కాలేజీలు, బ్యాంకులు, ప్రైవేటు ఆసుపత్రులు, 2023లో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ నల్లగొండలోనూ తెరిచిన ఐటీ టవర్లు... ఇలాంటి అద్దాల భవనాలు పెరుగుతున్నాయి. అక్కడ ఏడాది కాంట్రాక్టు అడగాలంటే ఈ పుస్తకమే మీ అనుభవానికి సాక్ష్యం.

1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం మరమ్మతు, నిర్వహణ పనుల్నీ నిర్మాణ పని కిందే లెక్కగట్టింది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు పని చేసినవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చన్నది అందులో పెట్టిన నిబంధన. ఇప్పటి నిబంధనలేమిటో కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. వడ్రంగులైతే 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించీ విచారించండి. అందులోని 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం ఉంది.

పాలమూరు కూలీలు ఊరూరా తిరిగి డ్యాములు, అపార్టుమెంట్లు కట్టారు. కట్టడం తెలిసిన చేతులకు కాపాడే పని కష్టం కాదు, దానికి ఊరు విడిచి వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. మొదట మీ వీధిలోనే నాలుగు ఇళ్ల కిటికీలు తెరిచి, ట్రాక్‌లో గ్లాసెడు నీళ్లు పోసి చూడండి. ఎక్కడ నీళ్లు నిలిచాయో అక్కడ మీకు పని ఉంది.