పోపు వాసన తెలియకపోతే మతిమరుపేనా?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. ఏడాదిగా ఇంగువ పోపు వాసన కూడా తెలియడం లేదంటోంది. మొన్న స్టవ్ మీద పాలు మాడిపోయినా పక్కగదిలో ఉండి కనిపెట్టలేదు. వాసన పోవడం అల్జీమర్స్‌కు మొదటి గుర్తని చదివాను. నిజమేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొంత నిజం. అంతమాత్రాన అమ్మగారికి ఆ జబ్బు వచ్చేసిందని బెంగపడకండి.

ముక్కు పైభాగంలోని నరాలు పట్టిన వాసన మెదడు అడుగునుండే ఘ్రాణ కేంద్రం దాటి, ఎంటోరైనల్ కార్టెక్స్‌కూ చేరుతుంది. జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోక్యాంపస్‌కు వాకిలి అదే. అల్జీమర్స్‌లో టౌ ప్రోటీన్ చిక్కులు కార్టెక్స్‌లో ముందుగా కనిపించేది ఆ చుట్టుపక్కలేనని జర్మనీకి చెందిన బ్రాక్ దంపతులు 1991లో చూపారు. అందుకే కొందరిలో మరపు బయటపడకముందే వాసన మందగిస్తుంది. ఏదో వాసన వస్తోందని తెలిసినా అది కాఫీయో లవంగమో పోల్చుకోలేరు.

అయితే వయసు, సైనస్, ముక్కులో పాలిప్స్, కోవిడ్ వల్లా వాసన పోతుంది. పార్కిన్సన్స్‌లోనూ అంతే. వాసన ఒక్కటే చూసి అల్జీమర్స్ అని ఎవరూ తేల్చలేరు. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. చెప్పిందే చెప్పడం, చిల్లర లెక్క తప్పడం, తెలిసిన వీధిలో తడబడడం కూడా ఉంటే న్యూరాలజిస్టును కలవండి. బి12, థైరాయిడ్ లోపాలతోనూ మరపు వస్తుంది, ఆ పరీక్షలు మానొద్దు.

నాకు ఆ మాడిన పాల సంగతే ఎక్కువ కంగారుగా ఉంది. గ్యాస్ లీకైతే పసిగట్టడానికి సిలిండర్‌లో కలిపే మెర్కాప్టాన్ ఘాటు కూడా ఆవిడకు అందకపోవచ్చు. వంటింట్లో గ్యాస్ అలారం పెట్టించండి. రాత్రి రెగ్యులేటర్ మీరే కట్టేయండి. ఫ్రిజ్‌లోని కూరగిన్నెల మీద తేదీ రాసి అంటించండి.