బొబ్బిలి వీణ – పేరుకు రక్ష

వీణకు నాదమెట్టిదో, వీణలు చేసే ఊరికి పేరట్టిది. విజయనగరం జిల్లాలోని బొబ్బిలికి అటువంటి పేరు తరతరాల శ్రమతో లభించింది. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరణలో వర్ధిల్లిన ఈ కళను సమీపంలోని గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు నేటికీ కొనసాగిస్తున్నారు. ఒకే పనస దుంగను తొలిచి, కుండనూ దండినీ అతుకు లేకుండా మలచడం వీరి ప్రత్యేకత. ఇట్టి వీణను ఏకాండి వీణ అంటారు.

పేరు ప్రసిద్ధికెక్కినకొద్దీ దానిని అపహరించేవారూ పుట్టుకొస్తారు. వేరొకచోట చేసిన వాద్యాన్ని ‘బొబ్బిలి వీణ’ అని చెప్పి అమ్మితే కొన్నవారు మోసపోతారు. రోజుల తరబడి ఉలి పట్టిన కళాకారుని శ్రమకు దక్కవలసిన ఫలం పరుల పాలవుతుంది.

ఇట్టి అన్యాయాన్ని అరికట్టడానికే మన పార్లమెంటు 1999లో భౌగోళిక సూచికల చట్టం చేసింది. అది 2003 సెప్టెంబరు 15న అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద 2011-12లో బొబ్బిలి వీణకు గుర్తింపు లభించింది. ఈ హక్కు ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఆ ప్రాంతపు కళాకారులందరి ఉమ్మడి సంపద. దానిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. పదేళ్ళకొకసారి నమోదును పునరుద్ధరించుకోవాలి. ఇతర ప్రాంతాలవారు వీణలు చేయడానికి ఈ చట్టం అడ్డురాదు. వాటికి బొబ్బిలి పేరు పెట్టడాన్నే నిషేధిస్తుంది.

అయితే చట్టం పేరును కాపాడగలదు గాని, చేతి నేర్పును నిలపలేదు. ఆ విద్యను అభ్యసించే యువకులు, విలువ తెలిసి కొనే రసికులు ఉన్నంతకాలమే ఆ పేరుకు సార్థకత.