ఆహార రుగ్మతలు: లక్షణాలు, చికిత్స, చట్టం

ఇల్లు వదిలి కళాశాల ప్రాంగణాలకు చేరే వయసులోనే ఆహార రుగ్మతలు ఎక్కువగా తలెత్తుతాయి. ఇవి అలకా కాదు, మొండితనమూ కాదు, మానసిక వ్యాధులు.

బరువు పెరుగుతామన్న భయంతో ప్రమాదకరంగా చిక్కిపోయేదాకా తిండి తగ్గించడం అనొరెక్సియా నెర్వోసా. ఆ పేరు పెట్టింది బ్రిటిష్ వైద్యుడు విలియం గల్. అతిగా తిని, వెంటనే వాంతి చేసుకోవడం వంటివి బులీమియా లక్షణాలు; 1979లో జెరాల్డ్ రస్సెల్ దీన్ని వర్ణించారు. ఇందులో బరువు మామూలుగానే ఉండవచ్చు, అందుకే ఇంట్లోవాళ్లు పసిగట్టలేరు. బ్రిటన్ యువరాణి డయానా 1995లో బీబీసీ ఇంటర్వ్యూలో తన బులీమియా గురించి బయటికి చెప్పారు. అదుపు తప్పి తినే బింజ్ ఈటింగ్‌ను 2013లో మానసిక వ్యాధుల నిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం-5 విడి రుగ్మతగా గుర్తించింది.

చికిత్స ఉంది.

పెద్దవారికి ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స సీబీటీ, కౌమారంలో కుటుంబమే దగ్గరుండి తినిపించే మాడ్‌స్లీ పద్ధతి ప్రధానమైనవి. పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కనుక ముందు వైద్య పరీక్ష చేయించాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017లోని 18వ సెక్షన్ ప్రభుత్వ వైద్యం పొందే హక్కునిచ్చింది. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి-మానస్ నంబరు 14416. కాల్ ఉచితం, తెలుగులోనూ మాట్లాడవచ్చు.