రోగాల పేర్లలో ఉన్న ఆనవాళ్ళు

ఈ వారం పాఠం రోగాల పేర్ల మీద. గ్రాసరీ, ఫ్లాచరీ, మస్కర్డిన్, పెబ్రిన్. శిక్షణకు పోయిన చోటల్లా ఈ నాలుగూ విన్నారు. ఇంగ్లీషు మాటలనుకుంటాం గానీ, ఇవి ఫ్రాన్సు, ఇటలీ దేశాల్లో మనలాగే పురుగులు మేపిన ఊళ్ళ నుంచి వచ్చినవి. అర్థం తెలిస్తే తట్టలో ఏమి చూడాలో తెలుస్తుంది.

ముందు గ్రాసరీ. ఫ్రెంచిలో ‘గ్రా’ అంటే కొవ్వు పట్టినది, జిడ్డుగా ఉన్నది. పురుగు ఒళ్ళు ఉబ్బి, తోలు నూనె రాసినట్టు మెరుస్తుంది, అది చూసి పెట్టిన పేరు. మనవాళ్ళు మాత్రం లోపలి నుంచి కారేదాన్ని చూశారు. కోలారు వైపు హాలుతొండె, తెలుగులో పాలరోగం, తమిళంలో పాల్‌పుళు, అన్నిటా పాలే. నన్నడిగితే ఇక్కడ ఫ్రెంచి పేరే ఎక్కువ పనికొస్తుంది. పాలు కారేసరికి ఆ రసంలోని వైరస్ ఆకు మీద పడిపోయి ఉంటుంది. తోలు మెరుస్తున్నప్పుడే, జ్వరానికి కూర్చోకుండా అంచుల్లో తిరుగుతున్నప్పుడే ఆ పురుగును ఏరేయాలి. ఏరినవి బ్లీచింగు నీళ్ళలో వేయండి, కోళ్ళకు మాత్రం విసరొద్దు.

ఫ్లాచరీ అంటే మెత్తబడి వాలిపోవడం. కన్నడంలో సప్పె రోగ అంటారు, భావం దగ్గరదే. ముట్టుకుంటే పురుగులో పట్టు ఉండదు.

మస్కర్డిన్ కథ పెద్దది. చచ్చిన పురుగు గట్టిపడి, పైన తెల్లటి పొడి పూస్తుంది. చూడ్డానికి చక్కెర పూసిన మిఠాయిలా ఉంటుంది కదా, మస్కర్డిన్ అనే మాట అలాంటి కస్తూరి వాసన మిఠాయి పేరు నుంచే వచ్చింది. ఇటలీలో దీనికి ‘కల్చినో’ అని ఇంకో పేరుంది. ‘కల్చె’ అంటే సున్నం. మనం సున్నకట్టు అంటాం, తమిళంలో సుణ్ణాంబు కట్టు. అక్కడి కంటికీ ఇక్కడి కంటికీ సున్నమే కనిపించింది!

ఇటలీలో లోడి ప్రాంతానికి చెందిన అగోస్తినో బస్సీ ఏళ్ళ తరబడి ఈ రోగం వెంట పడ్డాడు. ఆ తెల్లపొడి ఒక బూజు అనీ, అదే ఒక పురుగు నుంచి ఇంకో పురుగుకు రోగాన్ని మోస్తుందనీ 1835లో అచ్చువేశాడు. కంటికి కనపడని జీవి జంతువులకు రోగం తెస్తుందని ప్రయోగాలతో చూపించిన తొలివాళ్ళలో ఆయన ఒకడు. ఆ బూజుకు బవేరియా బస్సియానా అని ఆయన పేరే పెట్టారు. ఆ పొడే విత్తనం కాబట్టి, చచ్చిన పురుగు తెల్లబడక ముందే తీసేయాలి. వానాకాలం, చలికాలంలో పడక తడిగా ఉంటే ఇంకా జాగ్రత్త.

ఇక పెబ్రిన్. దక్షిణ ఫ్రాన్సు వాడుక భాషలో ‘పెబ్రె’ అంటే మిరియం. ఒంటి మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలు వస్తాయి గనుక ఆ పేరు. ఈ రోగం ఫ్రాన్సు పట్టును కూల్చేసింది. 1853లో సుమారు 26 వేల టన్నుల గూళ్ళు పండిన దేశంలో 1865కి 4 వేల టన్నులే మిగిలాయి. ఆ ఏడాదే లూయీ పాశ్చర్‌ను అలెస్ ఊరికి పంపారు. అప్పటికి ఆయనకు పట్టుపురుగుల గురించి ఏమీ తెలియదు.

ఇక్కడ పేరు మనల్ని మోసం చేస్తుంది. చుక్కలు అన్ని పురుగుల్లోనూ కనపడవు. రోగం తల్లి నుంచి గుడ్డులోకే పోతుంది, మన ఇంటికి చాకీతో పాటే వస్తుంది. అందుకే పాశ్చర్ ఒక్కో తల్లి చిలుకను వేరుగా గుడ్లు పెట్టించి, తర్వాత ఆ తల్లిని నూరి మైక్రోస్కోపులో చూడమన్నాడు. రోగం గింజలు కనిపిస్తే ఆ గుడ్లు కాల్చేయాలి. ఇప్పటికీ గ్రెయినేజీల్లో జరిగేది ఇదే పద్ధతి. మనం కొనే డి.ఎఫ్.ఎల్. అనే మూడక్షరాలకు అర్థం కూడా ఇదే, రోగం లేని తల్లి పెట్టిన గుడ్లు.

అందువల్ల గుడ్డు కొన్న రసీదు, లాటు నంబరు పంట అయ్యేదాకా దాచండి. ఒకే రోజు పొదిగిన పురుగుల్లో కొన్ని చిన్నగా, కొన్ని పెద్దగా ఉండి, జ్వరానికి వేర్వేరు రోజుల్లో కూర్చుంటుంటే మిరియాల చుక్కల కోసం ఎదురుచూడొద్దు. పది పురుగులు డబ్బాలో వేసుకుని ఆ లాటు నంబరుతో పరీక్షకు తీసుకుపోండి.