ఆదివారం వద్దు, జూన్ మొదటివారం చూడు

చిత్తూరు

నాయినా,

పిల్లోళ్లు నిద్రలో కూడా వండర్లా వండర్లా అని కలవరిస్తున్నారని నీ భార్య చెప్పింది. సంతోషమే. 'ఒక ఆదివారం చూసుకుని తెల్లారుజామున కారేసుకుని పోయొస్తాం పెద్దమ్మా' అని నువ్వన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. ఫోన్లో చెప్తే సగం వినకముందే 'సరే సరే' అంటావు కాబట్టి రాస్తున్నా.

నువ్వు కాపురముండేది తిరుపతిలో. మీ ఊరికొచ్చేవాళ్లు ఎట్లొస్తారో ఎప్పుడైనా గమనించినావా? మూడొందల దర్శనం టికెట్లు టీటీడీ మూడు నెలల ముందే వదులుతుంది. ఆ పొద్దు పదిగంటలకు విశాఖలో, హైదరాబాదులో, అమెరికాలో కూడా మనోళ్లు ఫోన్లు పట్టుకుని కాచుకోనుంటారు. గది సంగతి వేరే చూసుకుంటారు, రైలు సంగతి వేరే. మనకేమో ఊరోళ్లమనే ధైర్యం. నెలలో మొదటి మంగళవారం స్థానికుల దర్శనం ఉండనే ఉంది, కాదంటే తెలిసినోళ్లెవరో ఒకరుంటారు. ఆ ధైర్యం మొగిలి ఘాట్ దాటితే పనికిరాదు. బెంగళూరు దగ్గర వండర్లా పార్కు ఉండే బిడదిలో నువ్వు ఊరోడివి కాదు, యాత్రికుడివి. వైకుంఠం కాంప్లెక్సులో పిల్లల్ని చంకనేసుకుని కూర్చునే ఆ గుంటూరాయన ఎట్లా సిద్ధపడి వస్తాడో, నువ్వూ అట్లా పోవాల.

ముందు ఊరి మాట. తిరుపతికి దూరం చూస్తే మద్రాసే దగ్గర. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు పక్కన అక్కడా వండర్లా తెరిచినారు. చలికాలమైతే నేనూ అదే చెబుదును. ఎండాకాలం సెలవుల్లో మాత్రం వద్దు. మద్రాసులో కత్తిరి ఎండ, దానికి తోడు సముద్రపు ఉక్క. పసిపిల్లలు మధ్యాహ్నానికే వాడిపోతారు. బెంగళూరు మూడువేల అడుగుల ఎత్తున ఉంది, సాయంత్రానికి గాలి తిరుగుతుంది. నూరు కిలోమీటర్లు ఎక్కువైనా అటే పొండి. అక్కడి పార్కు 2005 నుంచి నడుస్తోంది, చెట్లు పెరిగి నీడ కూడా ఉంది.

ఇంక ఎప్పుడు పోవాలనేది. సగం ప్రయాణం ఇక్కడే తేలిపోతుంది కాబట్టి రవంత పొడుగ్గా చెబుతా. మన బళ్లు తెరిచేది జూన్ 12న. కర్ణాటకలో మే నెలాఖరుకో, జూన్ ఒకటికో తెరిచేస్తారు. తమిళనాడులోనూ దాదాపు అంతే. అంటే జూన్ మొదటి పది దినాలు మన పిల్లలకు సెలవులు, వాళ్ల పిల్లలకు బడి. ఆ సందులో మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి పట్టుకో. మే నెల ఆదివారం నలభై నిమిషాలు నిలబడాల్సిన చోట, ఆ పొద్దు నేరుగా పోయి కూర్చోవచ్చు. మే నెలలో నువ్వు పోతానన్నా మీ అత్త కదలదులే, తాతయ్యగుంట గంగమ్మ జాతర ఎగ్గొట్టి వస్తుందా ఆమె?

డిసెంబరు, జనవరిలో పనిదినం కదా, ఖాళీగా ఉంటుందనుకునేరు. అది బళ్లవాళ్లు విహారయాత్రలకు బయల్దేరే కాలం. పంతులమ్మగా నేనూ బస్సుల నిండా పిల్లల్ని తోలుకుపోయినదాన్నే. అట్లాంటి బస్సులు ఇరవై వచ్చి గేటు ముందర ఆగినాయంటే ఆ రోజు మీది కాదు. దసరాకైతే ఆలోచనే వద్దు, మైసూరుకు పోయే జనమంతా బిడది మీదుగానే పోతారు. పైగా పెరటాసి, బ్రహ్మోత్సవాలు. మీ ఇంట్లో చుట్టాలు దిగుంటారు.

జూన్ అంటే ఒక చిక్కుంది, వాన. బెంగళూరులో మధ్యాహ్నం దాటినాక మబ్బులు కమ్ముతాయి. ఉరుములూ మెరుపులూ ఉంటే ఎత్తైన రైడ్లు ఆపేస్తారు, ఆపాల్సిందే కూడా. కాబట్టి పెద్దవి పొద్దున్నే ఎక్కేయండి. జనం గేటు దాటంగానే కంటికి కనబడిన మొదటి దాని ముందర బారులు తీరతారు. మీరు ఆడ ఆగకుండా నేరుగా లోపలి కొసకు నడిచి, అక్కడి నుంచి వెనక్కి రండి. నీళ్ల ఆటలు ఎట్లాగూ కొంచెం ఆలస్యంగా తెరుస్తారు. పన్నెండున్నరకు అందరికీ ఒకేసారి ఆకలేస్తుంది కాబట్టి మీరు పన్నెండుకు ముందే తినేసి, జనం భోజనాల దగ్గర ఉన్నప్పుడు నీళ్లలోకి దిగండి. డబ్బులు ఎక్కువ కడితే వరస తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది. నేను చెప్పిన రోజుల్లో పోతే దాని అవసరం రాదు. ఆ డబ్బు ముందురోజు రాత్రి గదికి పెట్టు.

గది మాట ఎందుకు ఎత్తినానంటే, నువ్వు తెల్లారుజామున మూడుకు లేచి తిరుపతి నుంచి బయల్దేరతానంటివే, ఆ లెక్కలో బెంగళూరు ఊరు లేదు. చిత్తూరు, పలమనేరు, ముళబాగిలు, కోలారు, హొసకోట దాకా బండి గాలిలో పోతుంది. పార్కు ఉండేది ఊరికి అవతలివైపు, మైసూరు రోడ్డులో. హొసకోట నుంచి బిడది చేరేసరికి ఆఫీసుల వేళ అవుతుంది. అంతదూరం వచ్చినవాడివి ఊరు దాటడానికే రెండు గంటలు కూర్చుంటావు. ముందురోజు మధ్యాహ్నం బయల్దేరి, ఊరు దాటేసి కెంగేరి వైపో బిడదిలోనో పడుకోండి. పొద్దున నిద్రలేచిన మొహాలతో గేటు దగ్గర నిలబడొచ్చు. కారు తోలే శ్రమే వద్దనుకుంటే తిరుపతి - చామరాజనగర ఎక్స్‌ప్రెస్ ఉంది. పాకాల, చిత్తూరు మీదుగా బెంగళూరు పోయి, మైసూరు లైనులోనే ముందుకు పోతుంది. ఎక్కడెక్కడ ఆగుతుందో చూసుకో. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు, మునుపటి నూటఇరవై రోజుల లెక్క 2024 నవంబరుతో పోయింది.

ఇవన్నీ ఫోన్లో వెతికితే నీకూ దొరికేవే. అక్కడ దొరకనిది చెబుతా. ఈ ప్రయాణం ఎవరి కాళ్లను బట్టి నడవాలో ముందు తేల్చుకో. నీ కాళ్లను బట్టి కాదు. చిన్నదాని ఎత్తును బట్టి, మీ అత్త మోకాళ్లను బట్టి. ఆ రెండిటికీ సరిపోయేంత ప్లానే ప్లాను, మిగిలింది దొరికితే సరే.

ఎత్తు అంటే నిజంగా ఎత్తే. ఆ పార్కులో పిల్లల టికెట్టుకు వయసు చూడరు, ఎత్తు చూస్తారు. గుండె జారే పెద్ద రైడ్లు ఎక్కాలంటే 140 సెంటీమీటర్లు ఉండాల. ఈ రాత్రే ఇద్దర్నీ తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి గీత గీయి. పెద్దోడు రెండు సెంటీమీటర్లు తక్కువున్నాడనుకో, ఇంట్లోనే చెప్పేయి. ఇంట్లో ఏడిస్తే పావుగంటలో మర్చిపోతాడు. అరగంట వరసలో నిలబడి, తీరా కొలకర్ర దగ్గర 'నువ్వు కాదు' అనిపించుకుంటే ఆ పూటంతా పోతుంది. వాడు ఎక్కగలిగినవి నాలుగు రాసి వాడి చేతికే ఇయ్యి.

మీ అత్తను అడిగినావా? 'నాకేం వద్దులే నాయినా, మీరు పోయిరండి' అనే ఉంటుంది. మా వయసోళ్లం అందరం అట్లే అంటాం, దాన్ని జవాబుగా తీసుకోవద్దు. తిరిగేది తక్కువ, కూర్చునేది ఎక్కువ అని వివరంగా చెప్పి మళ్లీ అడుగు. వచ్చిందంటే నీడపట్టున ఒక చోటు చూసి, ఇంటిల్లిపాదీ గంటకోసారి అక్కడికి రావాలని మాట పెట్టుకోండి. పిల్లలు తప్పిపోయినా అదే చోటు. గరుడసేవ నాడు తిరుమలలో పోలీసులు పిల్లల చేతికి పట్టీ కడతారు చూడు, అట్లా నీ నంబరు రాసి ఇద్దరి చేతులకూ కట్టు.

ఇంకొకటుంది, మరుగుదొడ్ల సంగతి. అమెరికాలో డిస్నీలాండు తెరిచిన రోజు, 1955 జులై 17న, పిలిచినవాళ్లకు తోడు దొంగ టికెట్లతో వేలమంది వచ్చిపడినారంట. ఎండకు కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడినాయి. కుళాయి పనివాళ్ల సమ్మె వల్ల తాగునీళ్ల కుళాయిలా, మరుగుదొడ్లా అని ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే డిస్నీ మరుగుదొడ్లే కట్టించినాడు. ఆయన తప్పు చేయలేదంటాను. పిల్లలున్నవాళ్లు మ్యాపులో మొదట చూసుకోవాల్సింది రైడ్లు కాదు, అవీ నీళ్లూ ఎక్కడున్నాయనే.

బయటి తిండి లోపలికి రానీరు. చిత్రాన్నం, నిప్పట్లు దారికి మాత్రం కట్టుకోండి. చిన్నదాని మందులూ పాల సంగతీ ముందే ఫోన్ చేసి కనుక్కో. నీళ్లలో నూలు బట్టలు ఒప్పుకోరు, నైలాన్‌వి తిరుపతిలోనే కొనుక్కోండి, అక్కడ కొంటే ఖరీదు. నీ భార్య గొలుసులు బీరువాలోనే ఉండనీ.

తేదీ తేల్చుకున్నాక బ్యాంకులో లీవు రాసిచ్చి, ఆ తర్వాతే టికెట్లు కొను. నన్నూ రమ్మన్నావు కదా, వస్తా. అరవై దాటినోళ్లకు రాయితీ ఉంది, నాకు ఆ టికెట్టే తీయి, ఆధార్ కార్డు నేను తెచ్చుకుంటా. మీ అత్త దగ్గర నన్ను కాపలా పెట్టి పోదామనుకునేవు, వంతులేసుకుందాం. నాకూ ఒక జత నైలాన్ బట్టలు చూడమని నీ భార్యకు చెప్పు, రంగు ముదురుగా ఉండాల.

మీ
పెద్దమ్మ