సూది ఎత్తకముందే చెప్పాల్సిన మాట

విరుదునగర్

పాపా,

నీ ఉత్తరం అందింది. ఐదో నెల పడిందని చదివి సంతోషపడ్డాను. తర్వాతి పేజీ చదివాక ఒళ్ళు మండింది. నీ మీద కాదులే.

గర్భిణుల పరీక్షకి వెళ్ళావు. నర్సమ్మ గ్లూకోజు పొడి కలిపిన గ్లాసు చేతిలో పెట్టింది. పక్కన మీ అత్తగారు. తాగేశావు. పావుగంట తిరక్కముందే గుండె దడ, ఒళ్ళంతా చెమట, కడుపులో తిప్పడం, బాత్రూముకి పరుగు. వేవిళ్ళు అందరికీ ఉండేవేనని చెప్పి పంపేశారు. రెండేళ్ళ కింద చెన్నైలో బరువు తగ్గడానికి నీకు గ్యాస్ట్రిక్ బైపాస్ జరిగిందని ఆ గదిలో తెలిసినవాళ్ళు ఇద్దరే, నువ్వూ మీ అత్తగారూ. ఇద్దరూ నోరు మెదపలేదు.

వార్డులో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి ఆ నర్సుని తప్పు పట్టలేను. 2007 నుంచి తమిళనాడులో ప్రతి గర్భిణికీ షుగరు పరీక్ష తప్పనిసరి. చెన్నై డాక్టర్ వి. శేషయ్యగారి లాంటివాళ్ళు పట్టుబట్టి సాధించిన మంచి పని అది. తిని వచ్చినా తినకుండా వచ్చినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగిస్తారు. రెండు గంటలకి రక్తం తీస్తారు. 140కి చేరితే కడుపుతో ఉన్నప్పటి షుగరు కింద లెక్క. లక్షల మంది తల్లులకి ఇది సరిగ్గా సరిపోతుంది. నీకు సరిపోదు. నీ పొట్ట ఇప్పుడు కోడిగుడ్డంత సంచి. చక్కెర అందులో ఆగకుండా నేరుగా పేగులోకి దూకుతుంది, పేగు ఒంట్లోని నీటిని లాక్కుంటుంది, నువ్వు పడ్డ అవస్థ అదే. డంపింగ్ అంటారు. ఇంకో చిక్కుంది. చక్కెర ఒక్కసారిగా ఎక్కి, ఇన్సులిన్ పోటెత్తి, రెండు గంటలయ్యేసరికి లెక్క బాగా కిందికి పడిపోవచ్చు. రిపోర్టులో అంతా బాగుందని వస్తుంది, నిజంగా షుగరు ఉన్నా సరే. అంటే నువ్వు పడ్డ కష్టానికి ఫలితం కూడా నమ్మదగ్గది కాదు.

ఇదే పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య మళ్ళీ ఉంటుంది. ఈసారి గ్లాసు అందుకోకముందే చెప్పు. పరీక్ష వద్దనకు, మరో దారిలో చెయ్యమని అడుగు. ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకుని ఒక వారం పాటు పరగడుపున, తిన్న తర్వాత వేలు గుచ్చి చూసి, ఆ అంకెలు డాక్టరుకి చూపిస్తే సరిపోతుంది. బైపాస్ అయినవాళ్ళకి చేసే పద్ధతే అది, మనం కనిపెట్టింది కాదు.

ఎలా చెప్పాలని కదా నీ బాధ? చిత్తూరు నుంచి వచ్చావు, తమిళం ఇంకా నోట్లో తిరగడం లేదు, అందుకని మీ ఆయన్ని ముందుకు తోస్తున్నావు. ఆయన అంతకుముందోసారి ఏం చెప్పాడు? "గ్యాస్ట్రిక్ ప్రాబ్లం ఉంది సార్" అన్నాడు. వాళ్ళు గ్యాసు మాత్రలు రాసిచ్చారు! ఉత్త బైపాస్ అంటే గుండెకనుకుంటారు. నువ్వే చెప్పు, ఈ ఒక్క ముక్క బట్టీ పట్టు: "ఎనక్కు వయిత్తుల బైపాస్ ఆపరేషన్ పణ్ణిరుక్కాంగ." కడుపుకి చేశారని అర్థమైపోతుంది. వెంటనే డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టు. భాష తడబడినా కాగితం తడబడదు.

మీ అత్తగారికి ఎందుకంత గుట్టు అని ఆలోచించాను. 2024లో చెన్నై శివారు ఆసుపత్రిలో ఇలాంటి ఆపరేషన్‌కి వెళ్ళిన కుర్రవాడు చనిపోయాడని, ఆ ఆసుపత్రి లైసెన్సు కొన్నాళ్ళు ఆపారని పేపర్లలో వచ్చింది. అప్పటినుంచి చాలామందికి బెరుకు. దానికి తోడు "అందం కోసం కడుపు కోయించుకుంది" అనే మాట. పాపా, ఇన్సూరెన్సు వాళ్ళ కన్నా పిసినారులు ఎవరుంటారు? వాళ్ళ మీది నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూలు చూడు: బీఎంఐ 40 దాటితే, లేదా 35 దాటి అదుపులేని షుగరు, నిద్రలో ఊపిరాగే జబ్బు, గుండె జబ్బు లాంటివి ఉంటే, డాక్టరు సలహా మీద చేసిన ఈ ఆపరేషన్‌ని అందం ఖాతాలో వేసి తోసెయ్యకూడదు. అది జబ్బుకి వైద్యం. నీకు షుగరు ఎంతుండేదో మీ అమ్మనడుగు.

మీ కోవిల్‌పట్టి పక్కనే ఇడైసెవల్ ఉంది కదా. కి. రాజనారాయణన్‌గారి ఊరు. ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడుకున్న మనిషి, తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. పల్లెల్లో చాటుమాటుగా చెప్పుకునే బూతుకథల్ని కూడా ఏరి పుస్తకం వేశారాయన. ఆ మట్టిలో పుట్టి పెరిగిన మీ అత్తగారు పొట్ట ఆపరేషన్ అన్న మాటకి సిగ్గుపడటం నాకు భలే నవ్వొస్తుంది. (ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించకు.)

ఊరందరికీ చాటమనడం లేదు. పెళ్ళిళ్ళలో, గుడి దగ్గర అడిగితే "తిండి తగ్గించానత్తా" అని దాటెయ్. కానీ తెల్లకోటు వేసుకున్నవాళ్ళ దగ్గరా, మందుల షాపులోనూ గుట్టు పనికిరాదు. పోయినేడు పంటినొప్పికి షాపువాడిచ్చిన డైక్లోఫెనాక్ వారంపాటు మింగావన్నావు. అలాంటి నొప్పి మాత్రలు సంచికీ పేగుకీ అతుకు వేసిన చోట పుండు చేస్తాయి, రక్తం కూడా కారొచ్చు. ఇప్పుడైతే బిడ్డకీ మంచివి కావు. నొప్పికి పారాసిటమాల్ అడుగు. అదీ డాక్టరు చెప్పిన మోతాదులోనే.

ఐరన్ సంగతి. హెల్త్ సెంటర్‌లో అందరికీ ఇచ్చే మాత్ర నీకు చాలకపోవచ్చు, ఎందుకంటే ఐరన్‌ని బాగా పీల్చే పేగు భాగాన్ని దాటేసి నీకు దారి వేశారు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్, బి12, విటమిన్ డి కూడా చూడమను. మాత్రకి లొంగకపోతే నరానికి ఎక్కించే ఐరన్ సుక్రోజ్ సర్కారు ఆసుపత్రుల్లోనూ ఉంది, అడిగితే తప్పు లేదు. సర్కారు వాళ్ళిచ్చే కాల్షియం మామూలుగా కార్బొనేటు, అది కరగడానికి ఆమ్లం కావాలి. నీకు సిట్రేటు రాయమను. ఐరన్‌కీ కాల్షియంకీ రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ వేసుకుని వెంటనే కాఫీ తాగకు, మీ ఇంట్లో ఫిల్టరు కాఫీకి వేళాపాళా లేదని నాకు తెలుసు.

ఇక భయపెట్టే మాటలు రెండు. రోజుల తరబడి వాంతులై ఏమీ నిలవకపోతే, చిన్న క్లినిక్కుల్లో ముందు చేసే పని గ్లూకోజు బాటిల్ ఎక్కించడం. దానికి ముందు థయమిన్, అంటే బి1 ఇంజెక్షన్, ఇవ్వమని నువ్వు అడగాలి. ఒంట్లో బి1 అయిపోయినప్పుడు గ్లూకోజు ఒక్కటే ఎక్కితే మెదడుకి దెబ్బ, నడక తూలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఇలాంటి మాట రోగి నోట వస్తే కొందరు డాక్టర్లకి కోపం వస్తుంది. రానీ.

రెండోది, పైకడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. బైపాస్ అయినవాళ్ళకి లోపల పేగు సందుల్లో జారి ఇరుక్కునే ప్రమాదం ఏళ్ళ తర్వాతా ఉంటుంది. గర్భసంచి పెరిగి పేగుల్ని పైకి నెట్టే ఆఖరు నెలల్లో మరీను. గ్యాసు అంటారు, వేడి చేసిందంటారు, పురిటినొప్పులు అంటారు. నొప్పి తగ్గకపోతే "సర్జన్ చూడాలి, స్కాన్ తీయాలి" అని పట్టు పట్టు. 108కి ఫోన్ చేసి తిరునల్వేలి మెడికల్ కాలేజీకో మదురై రాజాజీ ఆసుపత్రికో తీసుకెళ్ళమను. మదురై దాదాపు వంద కిలోమీటర్లు, తెల్లారనిద్దామని ఎవరన్నా వినకు. మా ఊళ్ళో 2022లో మెడికల్ కాలేజీ వచ్చింది, దారిలో ఇదీ ఉంది.

తిండి దగ్గర గొడవ తప్పదు. "ఇద్దరికి తినాలి" అని మీ అత్తగారు మారు వడ్డిస్తారు, సీమంతానికి ఏడు రకాల అన్నాలు వస్తాయి, కోవిల్‌పట్టి కడలైమిఠాయి, అదే మన పల్లీపట్టీ, ఎలాగూ ఉంటుంది. జీఐ గుర్తింపు వచ్చిన సరుకే, కానీ అందులో బెల్లం నీకు ఆ గ్లాసు లాంటిదే. ముందు గుడ్డో, పప్పో, చేపో తిను. అన్నం చివర. గర్భిణులకి సర్కారిచ్చే ముత్తులక్ష్మి రెడ్డి పథకం కిట్‌లో వచ్చే ఖర్జూరాలు మీ ఆయన తింటాడులే. అందులోని నెయ్యి అత్తగారికి.

వచ్చే చెకప్‌కి సాత్తూరు మీదుగా బస్సెక్కి నేనూ వస్తున్నాను. లోపలికి మాత్రం నువ్వొక్కదానివే వెళ్తావు. వరండాలో మీ అత్తగారిని మాటల్లో పెట్టే పూచీ నాది, ఆవిడ చెల్లెలి కూతురి సంబంధం సంగతి ఇంకా తేలలేదుగా. ఈలోగా డిశ్చార్జ్ సమ్మరీ మూడు జిరాక్సులు తీయించు: ఒకటి నీ సంచిలో, ఒకటి మీ ఆయన బండి డిక్కీలో, ఇంకొకటి గర్భిణి కార్డుకి పిన్ను కొట్టి. చెన్నై సర్జన్ ఫోన్ నంబరు మూడింటి మీదా పెద్ద అక్షరాలతో రాయి.

మీ పిన్నమ్మ